ఇంకో అరగంట

డైరెక్టర్ నింగ్ కాగితాన్ని బల్ల మీద పెట్టింది. దాని మీద పెన్ను పెట్టింది. పెన్ను పక్కన ఎర్ర సిరా డబ్బా మూత తీసి మరీ పెట్టింది. సంతకం ఒక్కటే చాలదు, వేలిముద్ర కూడా పడాలన్నమాట.

"చదువుకో సూయిన్ అక్కా. తొందరేం లేదు, శుక్రవారం దాకా టైముంది," అంది.

ఆ రోజు బుధవారం. సూయిన్ తడి చేతులు ఏప్రానుకి తుడుచుకుని చదివింది. సోమవారం నాడు పెంగ్ అవ్వ కుక్క మంతౌకి కాచిన కషాయంలో వసనాభి దుంప సరిగా ఉడకలేదు. అందువల్ల కుక్క ప్రాణం మీదికి వచ్చింది. ఇందుకు కారణం కషాయాల పొయ్యి చూసే చాయ్ సూయిన్ అజాగ్రత్త. ఆమె తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పుకుంటోంది. ఇక మీదట పొయ్యి ముట్టదు. ఆసుపత్రి ఏ పని ఇస్తే ఆ పని చేస్తుంది.

"ఏ పని ఇస్తే ఆ పనంటే?"

"స్నానాల గదిలో మనిషి కావాలి. కుక్కలకి నీళ్ళు పోసి, దువ్వి, ఆరబెట్టడమే. జీతం తగ్గించనులే. నిన్ను తీసెయ్యమని ఎంతమంది చెప్పారో తెలుసా? నేనే ఒప్పుకోలేదు."

నింగ్ చెడ్డ మనిషేం కాదు. ముప్పయ్యెనిమిదేళ్ళకే ఈ పెంపుడు జంతువుల ఆసుపత్రిని నిలబెట్టింది. కోతలూ కుట్లూ ఎక్స్‌రేలూ అన్నీ వచ్చు. కాకపోతే మంగళవారం పొద్దున్నే పెంగ్ అవ్వ ముందు హాల్లో ఫోను పైకెత్తి పట్టుకుని వీడియో తీస్తూ "నా బిడ్డకి విషం పెట్టారు, చూడండర్రా" అని గోల చేసిన దగ్గర్నుంచీ నింగ్‌కి ఒక పేరు కావలసి వచ్చింది. ఎవరిదో ఒకరిది. ఏ ఆసుపత్రిలోనైనా అందరికంటే తేలిగ్గా దొరికే పేరు వెనక గదిలో ఉంటుంది.

"మంతౌ ఎలా ఉంది డాక్టరమ్మా?"

"గండం గడిచింది. నిన్న సాయంత్రం గంజి నాకిందట. వెనక కాళ్ళు మాత్రం మళ్ళీ ఈడుస్తోంది."

"మందు రాసిన దువాన్ గురువుగారు ఏమన్నారు?"

నింగ్ పెన్నుని అనవసరంగా అటూ ఇటూ జరిపింది. "ఏమంటారు? ఏమీ అనలేదు."

సూయిన్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఏప్రాను జేబులో వేసుకుంది. పెన్ను ముట్టలేదు.

వెనక గదిలోకి వెళ్ళి సోమవారం నాటి మట్టికుండని మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. తోమడం అది అయిదోసారి. కుండలో ఏదో మిగిలిపోయినట్టు, గీకితే బయటపడుతుందన్నట్టు పీచుతో రుద్దుతూనే ఉంది. 'ఏమీ అనలేదు' అన్న మాట చెవిలో తిరుగుతోంది.

వసనాభితో మా మియెన్‌యాంగ్ ఊరివాళ్ళకి చిన్నప్పటి నుంచీ పరిచయమే. అది మా పక్క ఊరి పొలాల్లోనే పండుతుంది. చలికి ఎముకలు బిగుసుకుపోయిన ముసలి ప్రాణానికి, అది మనిషైనా కుక్కైనా, దాన్ని మించిన వేడి లేదు. సరిగా ఉడికితే మందు, ఉడక్కపోతే గుండె ఆగుతుంది. అందుకని ముందు దాన్ని ఒక్కదాన్నే కుండలో వేసి గంటో గంటన్నరో కాస్తారు. నీరు తగ్గితే మరిగే నీళ్ళే పొయ్యాలి, చన్నీళ్ళు చుక్క పడకూడదు. ఎంతసేపన్నది గడియారం చెప్పదు, దుంపదుంపకీ తేడా ఉంటుంది. చాప్‌స్టిక్ కొనతో ఒక చుక్క తీసి నాలుక చివర పెట్టుకుని రెండు వందలు లెక్కపెట్టాలి. కొరికినట్టయి తిమ్మిరెక్కితే ఇంకా విషం ఉన్నట్టు. ఏమీ లేకపోతే అప్పుడు శొంఠి, అతిమధురం, దాల్చినచెక్క వగైరాలు వేసి ఇంకో ఇరవై నిమిషాలు కాచి దించాలి.

ఇందులో ఒక చిక్కుంది. మా ఊళ్ళో తిమ్మిరి మిరియాలు లేకుండా కూర వండరు. కూర సంగతి అలా ఉంచి, ఊరగాయ జాడీలో కూడా గుప్పెడు పడతాయి. అవీ నాలుకని తిమ్మిరెక్కించేవే. అందుకని పొయ్యి దగ్గర పనిచేసే మనిషి కుండ దించేదాకా వాటి జోలికి పోకూడదు. ఇది దువాన్ గురువుగారి నియమం. సూయిన్ పన్నెండేళ్ళుగా పొద్దుట చప్పిడి గంజి తాగి వస్తోంది. ఇంకో నియమం, కొత్త మందు రాసినప్పుడు మొదటి కుండని రాసినవాళ్ళే రుచి చూడాలి.

సోమవారం మంతౌకి రాసిన కొత్త మందు కుండ పెట్టి నలభై నిమిషాలైంది. దువాన్ గురువుగారు ఒక పిల్లి వెన్ను మీద నుంచి సూదులు తీసేసి, చేతులు కడుక్కుని వచ్చారు. బయట పెంగ్ అవ్వ తొందరపడుతోంది, మాజాంగ్ ఆట బల్ల దగ్గర ముగ్గురు కూర్చుని తనకోసం ఎదురుచూస్తున్నారని.

"ఇంకా కొరుకుతోంది గురువుగారూ. ఇంకో అరగంట ఉండాలి," అంది సూయిన్.

ఆయన చుక్క నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి తెరిచారు. "ఏమీ లేదే. దించి మిగతావి వెయ్యి."

"నాకు కొరుకుతోందండీ."

"పొద్దున ఏం తిన్నావు?"

"గంజి."

"గంజిలోకి?"

సూయిన్ తడబడింది. ఆ వేళ మొగుడు తన పళ్ళెంలోంచి ఆవకూర పచ్చడి ముక్క ఒకటి ఆమె గిన్నెలో వేశాడు. చూసుకోకుండా నమిలేసింది. "పచ్చడి ముక్క... ఒక్కటే."

గురువుగారు నవ్వారు. "ఆ కొరుకుడు పచ్చడిది. దించు."

ఆమె దించింది.

సాయంత్రానికి మంతౌని తెచ్చారు. నోట్లోంచి సొంగ కారుతోంది, ఒళ్ళంతా వణుకు, గుండె ఒకసారి పరిగెత్తి ఒకసారి ఆగుతోంది. నింగ్ ఇంజక్షను మీద ఇంజక్షను ఇస్తుంటే, సూయిన్ పెసలూ అతిమధురమూ కలిపి విరుగుడు కాచింది. తొందరలో సగం పెసలు నేలపాలయ్యాయి.

కుండ తోముతూ ఇప్పుడామె ఆలోచిస్తున్నది ఒక్కటే. ఆ కొరుకుడు దుంపదా, పచ్చడిదా? పచ్చడిదైతే కాగితంలో రాసింది నిజం, సంతకం పెట్టాల్సిందే. కాకపోతే?

ఆ సాయంత్రం ఇంట్లో సూయిన్ పచ్చడి జాడీ ముందేసుకు కూర్చుంది. సోమవారం తిన్నంత ముక్క కోసి నమిలింది. గోడ గడియారం చూస్తూ కూర్చుంది. మొగుడు తావ్ మూడు చక్రాల బండి మీద ఊరంతా పార్సిళ్ళు పంచి అప్పుడే వచ్చాడు.

"ఏంటే, పచ్చడికి జ్వరం చూస్తున్నావా?"

"మాట్లాడించకు. లెక్క తప్పుతుంది."

"ఏం లెక్క?"

"పన్నెండు నిమిషాలు," అంది సూయిన్, పెదవులు నాలుకతో తడుముకుంటూ. "పన్నెండో నిమిషానికల్లా తిమ్మిరి పోయింది. సోమవారం నేను ఆరున్నరకి తిన్నాను. కుండ రుచి చూసింది తొమ్మిదింటికి."

"అయితే?"

"అయితే నాది తప్పు కాదు."

తావ్ బూట్లు విప్పుతూ ఆమె మొహం చూశాడు. "మరి ఆ ముక్క వాళ్ళ మొహం మీద చెప్పు."

"ఏమని చెప్పను? మా గురువుగారు చెప్తే దించానని చెప్పనా? ఆయన నాలుక తప్పు, నా నాలుక రైటు అననా? నలభయ్యేళ్ళ నాలుక అది. కంచరగాడిదల దగ్గర్నుంచి కుందేళ్ళ దాకా ఎన్నిటికి మందు పోసిందో."

"పెద్దవాళ్ళు తప్పు చెయ్యరా?"

"చేస్తే ఒప్పుకుంటారు," అంది సూయిన్. మరి నాలుగు అడుగుల దూరంలో నిలబడి దించమన్న మనిషి, నింగ్ ముందు తేలు కుట్టిన దొంగలా ఎందుకు ఊరుకున్నట్టు? అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు జాడీ మూత ఠపీమని మూసింది. అంచు పెచ్చు ఊడింది.

"జాడీ ఏం చేసిందే?" అన్నాడు తావ్. ఆమె నవ్వలేదు. తర్వాత ఇంకో ముక్క తిని ఇంకోసారి లెక్కపెట్టింది. ఈసారి పదకొండు నిమిషాలు.

గురువారం పొద్దుట కాగితం మీద సంతకం పడకముందే ఆమెని స్నానాల గదికి పంపారు. "ప్రస్తుతానికి" అన్నారు. తెల్ల జూలున్న పెద్ద కుక్క ఒకటి, మొత్తం నలభై కిలోలు, తొట్టిలో నిలబడి ఆమె వంకే చూస్తూ మూడుసార్లు ఒళ్ళు దులిపింది. సూయిన్ మెడ దాకా తడిసింది. నురుగు తోముతున్నా మనసంతా గోడకవతలే ఉంది. వెనక గదిలో పొయ్యి వెలిగించిన చప్పుడు లేదు. మాచిపత్రి చుట్ట కాల్చిన వాసన మాత్రం వస్తోంది, గురువుగారు ఎవరికో నడుముకి సెగ పెడుతున్నారు. ఒకసారి సబ్బు చేతులతోనే లేచి తలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. ఇంకోసారి నింగ్ గది ముందు నిలబడి, లోపల ఎవరో ఉన్నారని వచ్చేసింది. లోపల ఎవరూ లేరని ఆమెకీ తెలుసు.

మధ్యాహ్నం దువాన్ గురువుగారు స్నానాల గది గడప దగ్గరికి వచ్చారు. డెబ్భయ్యొక్కేళ్ళ మనిషి, బక్కపలచన, చేతులు మాత్రం మనిషికి మించినవి. ఇన్నేళ్ళూ వెనక గదిలో ఇద్దరూ కలిసే తినేవారు.

"నూడుల్స్ తెస్తావా అమ్మాయ్? నాకెప్పట్లాగే."

ఎప్పట్లాగే అంటే చప్పిడివి. కారం లేదు, మిరియాలు లేవు. సూయిన్ తల కూడా ఎత్తకుండా "ఊఁ" అని వీధి చివరి దుకాణానికి వెళ్ళింది.

దుకాణం ఆవిడ పేరుపేరునా అందర్నీ ఎరుగును. "రెండూ చప్పిడివేగా?"

"ఒకటి చప్పిడి. ఇంకోదాన్లో పచ్చ తిమ్మిరి మిరియాల నూనె వెయ్యి. గట్టిగా."

"అయ్యో! నీకేనా? పొయ్యి ఎవరు చూస్తారు మరి?"

"కుక్కలు చూసుకుంటాయి," అంది సూయిన్.

పన్నెండేళ్ళ తర్వాత పనిరోజున మధ్యాహ్నం తిమ్మిరి తింటోంది. అదొక్కటే ఆ రోజుకి ఆమెకి మిగిలిన పంతం. రెండు డబ్బాలూ ఒకేలాంటివి, ఒకేలాంటి సంచులు. వెనక గదిలో బల్ల మీద పెట్టి చాప్‌స్టిక్స్ వెతకడానికి వెళ్ళేసరికి గురువుగారు ఒకటి తీసుకుని తినడం మొదలుపెట్టారు. సూయిన్ రెండోది తెరిచింది. ఒక పోగు నోట్లో పెట్టుకుంది.

చప్పగా ఉంది.

అడుగు దాకా కలిపి ఇంకో పోగు తింది. తెల్లటి రసం, ఉల్లికాడలు, అంతే. తలెత్తి చూసింది. గురువుగారు తీరిగ్గా తింటున్నారు. ఆయన గిన్నెలోని పచ్చనూనె ఘాటు ఆమె కూర్చున్న చోటికే కళ్ళకి తగులుతోంది. ఆ దుకాణం వాళ్ళ పచ్చ మిరియాలు తింటే గడ్డం కూడా ఎక్కడుందో తెలియదని ఊళ్ళో వేళాకోళం. ఆయన నుదుటి మీద చిన్న చెమట కూడా పట్టలేదు.

"ఎలా ఉన్నాయి గురువుగారూ?" అంది.

"ఎలా ఉంటాయి, ఎప్పట్లాగే. చప్పగా."

సూయిన్ చాప్‌స్టిక్స్ కింద పెట్టేసింది. పోయిన చలికాలం ఆయన మొహం కుడిపక్కకి లాగేసింది. అద్దం ముందు కూర్చుని ఆయనే తన చెంపకి సూదులు గుచ్చుకుని, నెల తిరక్కుండా మూతి తిన్నగా చేసుకున్నారు. ఆ కథ ఆసుపత్రికి వచ్చే ప్రతివాళ్ళకీ నింగ్ చెప్తుంది. మూతి వచ్చింది. నాలుక రాలేదన్నమాట. ఈ ఏడాది పొడుగునా ఎన్ని కుండలు? కొత్త కుండలు నాలుగో అయిదో. వాటిలో తనకి కొరకనివే అన్నీ, అందుకే ఎవరికీ ఏమీ కాలేదు. ఇద్దరి నాలుకలూ వేరు మాట చెప్పింది ఒక్క సోమవారమే.

గురువుగారు ఆఖరి పోగు తిని, రసం తాగుదామని గిన్నె ఎత్తి, ఆగిపోయారు. అడుగున మిరియాల పొట్టు పేరుకుని ఉంది. చాప్‌స్టిక్ కొనతో దాన్ని ఒక పక్కకి నెట్టారు. మళ్ళీ ఇంకో పక్కకి నెట్టారు. ఒక గింజ తీసి పంటి కింద పెట్టుకుని నమిలారు. సూయిన్ ముందున్న తెల్ల రసం వంక చూశారు. ఆమె మొహం వంక మాత్రం చూడలేదు.

"నీళ్ళు ఇటివ్వు," అన్నారు.

ఇచ్చింది. తాగి, గిన్నె మూతపెట్టి, సంచిలో వేసి ముడి బిగించి, ఆయనే తీసుకెళ్ళి బయట చెత్తబుట్టలో వేసి వచ్చారు. ఇన్నేళ్ళలో ఆయన గిన్నె ఆయన పారెయ్యడం అదే మొదలు. ఏదైనా అంటారేమోనని సూయిన్ సాయంత్రం దాకా చూసింది. నాలుగింటికి కోటు తగిలించుకుని, గొడుగు తీసుకుని, వెళ్ళిపోయారు.

ఆమెకి జాలి వేసింది. దానికంటే ఎక్కువగా ఒళ్ళు మండింది. నాలుక పోతే పోయింది, నోరు కూడా పోయిందా?

శుక్రవారం పొద్దున్నే సూయిన్ చప్పిడి గంజి తాగింది. పొయ్యి తనది కాకపోయినా ఎందుకో పచ్చడి ముట్టలేదు. "సంతకం పెడతావా?" అని తావ్ అడిగితే "పెట్టను" అంది. "మరేం చేస్తావు?" అంటే గంజి గిన్నె తీసుకెళ్ళి కడిగింది. సంతకం పెట్టకపోతే పని పోతుంది. గురువుగారి సంగతి బయటపెడితే, ఆయన చేతి సూది కోసం ఎదురుచూసే కాళ్ళు పడిపోయిన కుక్కలు పదహారున్నాయి, ఇక వాటిని ఎవరూ తీసుకురారు. ఇంతకీ ఏం సాక్ష్యం చూపిస్తుంది, నూడుల్స్ గిన్నెనా?

పదింటికి పెంగ్ అవ్వ వచ్చింది. వీపున వెదురు బుట్ట, బుట్టలో దుప్పటి, దుప్పట్లోంచి మంతౌ చప్పిడి ముక్కు. ముందు హాల్లో ఉన్నవాళ్ళంతా సర్దుకున్నారు. నింగ్ పరుగున వచ్చింది.

"అరవడానికి రాలేదులే," అంది అవ్వ, బుట్ట దించుతూ. "వీడి కాళ్ళు చూడు. నెల రోజులు సూదులు వేస్తే లేచి నిలబడ్డాడు, గడప కూడా ఎక్కాడు. ఇప్పుడు మళ్ళీ గుడ్డపేలికలా ఈడుస్తున్నాడు. బయట చలి చూస్తే ఎముకలు కొరికేస్తోంది. మందు కావాలి."

"పొడుల పాకెట్లు తెప్పించానవ్వా," అంది నింగ్. "వేణ్ణీళ్ళలో కలపడమే. పొయ్యి గొడవే ఉండదు."

"నేను టీ అడగలేదమ్మా, మందు అడిగాను. కుండలో కాచింది కావాలి. ముసలాయన నా కళ్ళ ముందు నాలుక మీద వేసుకుని, 'అయింది' అంటే పట్టుకెళ్తాను. అదీ నా మాట."

దువాన్ గురువుగారు తన గది గుమ్మంలో నిలబడి ఉన్నారు. "సూయిన్ కాస్తుంది," అన్నారు.

"ఆ పొయ్యి మనిషా?"

"ఆవిడ కాయకపోతే నేను మందు రాయను."

అవ్వ మూతి ముడిచింది. "సరే, చెయ్యి ఎవరిదైతే నాకేం. నాలుక నీదవ్వాలి."

సూయిన్ పొయ్యి వెలిగించింది. కుండ కడిగి పెట్టింది. దుంప ముక్కలు తూచి, అరచేతిలో వేసుకుని ఒక్కొక్కటీ వెలుతురుకి పెట్టి చూసింది. ఈసారి వచ్చినవి మందంగా ఉన్నాయి. నీళ్ళు పోసింది, పొంగు రాగానే మంట తగ్గించింది. పక్క పొయ్యి మీద కెటిల్‌లో నీళ్ళు మరుగుతూ ఉండేలా చూసుకుంది. అవ్వ గుమ్మంలో స్టూలు వేసుకుని కుక్కని ఒళ్ళో పెట్టుకుంది. నింగ్ గోడకి ఆనుకుని నిలబడింది. గురువుగారు మంతౌ తొడ లోపలివైపు మూడు వేళ్ళు పెట్టి నాడి చూస్తూ కూర్చున్నారు. చాలాసేపు చూశారు. అంతసేపు చూడవలసింది ఆ నాడిలో లేదు.

ఏప్రాను జేబులో కాగితం సూయిన్ వంగినప్పుడల్లా గుచ్చుకుంటోంది.

గంట దాటింది. ఆమె చాప్‌స్టిక్ కొన ముంచి నాలుక చివర పెట్టుకుంది. యాభై. వంద. నూట ముప్పై దగ్గర చీమ కుట్టినట్టయింది. నూట అరవైకి అంచులు కూడా మొద్దుబారాయి.

"అయిందా?" అంది అవ్వ. "అక్కడ నా ఆట పోతోంది."

సూయిన్ ఇంకో చుక్క తీసి చాప్‌స్టిక్‌ని గురువుగారికి ఇచ్చింది. ఇస్తూ ఆయన కళ్ళలోకి చూసింది. అయిందని ఆయన అంటే తను అరవాలి. గురువుగారని లేదు, డైరెక్టరమ్మని లేదు, అరవాల్సిందే. ఆ కుక్క ఇంకో గుక్క తట్టుకోదు.

ఆయన చుక్క నాలుక మీద వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. నింగ్ చేతి గడియారం చూసుకుంది. గురువుగారు కళ్ళు తెరిచి, పెదవులు విప్పి, మళ్ళీ మూసి, చాప్‌స్టిక్‌ని వెనక్కి సూయిన్ వైపు చాపారు.

"నువ్వు చెప్పు," అన్నారు.

"గురువుగారూ..."

"నాకేమీ తెలియడం లేదు. నా నాలుక చచ్చిపోయింది. పోయిన చలికాలం నుంచీ."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా అర్థమైంది నింగ్‌కి. "గురువుగారూ, లోపలికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం," అంది గబగబా.

"ఇక్కడే మాట్లాడనీ!" అంది అవ్వ. "అయితే సోమవారం?"

"సోమవారం ఈ అమ్మాయి ఇంకో అరగంట ఉండాలంది. రెండుసార్లు చెప్పింది. నేనే దించమన్నాను. దాని నాలుకని వెక్కిరించాను కూడా."

అవ్వ ఒళ్ళో మంతౌ తల ఎత్తి ఒకసారి తుమ్మింది.

"అయిదు రోజులు," అంది సూయిన్. అంత మెల్లగా అంటుందని ఆమె కూడా అనుకోలేదు. "అయిదు రోజులు ఎందుకు ఊరుకున్నారు?"

"రుచి పోయింది గానీ తిమ్మిరి తెలుస్తుందిలే అనుకున్నాను. నిన్న నూడుల్స్ తిన్నాక గానీ..." ఆయన ఆగారు. తల అడ్డంగా ఊపారు. "కాదు. అబద్ధం. మంగళవారమే తెలుసు. ఇంట్లో మిరియాలు నమిలి చూసుకున్నాను. చెప్పడానికి నోరు రాలేదు. అద్దం ముందు సూదులు గుచ్చుకున్న మొనగాణ్ణి కదా."

పరవాలేదు గురువుగారూ అనాలి సూయిన్ ఇప్పుడు. ఎవరైనా అదే అంటారు. ఆమెకి పరవాలేదనిపించలేదు, అందుకని అనలేదు.

"ఇంకా కొరుకుతోంది," అంది. "ఇంకో అరగంట."

పెంగ్ అవ్వ చేతిలో ఫోను ఉంది. అందరూ దాని వంకే చూశారు. అవ్వ ఫోను ఎత్తి, నంబరు నొక్కి, "ఒసే, నాకోసం చూడకండి, నా చోట ఎవర్నైనా కూర్చోబెట్టుకోండి," అని అరిచి సంచిలో పడేసింది. స్టూలు పొయ్యి దగ్గరికి జరుపుకుంది. "దా, వీడికి కూడా కాస్త సెగ తగలనీ," అంటూ మంతౌ వెనక కాళ్ళు పొయ్యి వైపు తిప్పింది. కుండ వంక చూస్తూనే, "నిన్ను ఊరికే తిట్టాను కదే," అంది.

"ఊరికే ఏం, ఫోనులో పెట్టి మరీ తిట్టారు," అంది సూయిన్.

నింగ్ గొంతు సవరించుకుంది. "సూయిన్ అక్కా, ఆ కాగితం..."

"కుండ దించాక డాక్టరమ్మా. చేతులు ఖాళీ లేవు."

కుండలో నీళ్ళు తగ్గాయి. సూయిన్ కెటిల్ కోసం చూసింది. అది అప్పటికే దువాన్ గురువుగారి చేతిలో ఉంది. ఆయన గోడవారనున్న పొట్టి ముక్కాలిపీట లాక్కుని, పొయ్యికి ఎడమ పక్కన, మొదటి రోజుల్లో సూయిన్‌ని కూర్చోబెట్టిన చోట కూర్చున్నారు. ఆమె తల ఊపితే పోశారు, చెయ్యి అడ్డుపెడితే ఆపారు. ఒకసారి, "ఎక్కడ కొరికింది? చివరా, అంచులా?" అని అడిగారు. "ముందు చివర, తర్వాత అంచులు," అంది. ఆయన ఆ సంగతి కొత్తగా విన్నవాడిలా తలాడించారు.

అరగంటకి ఆమె మళ్ళీ చుక్క తీసి నాలుక మీద పెట్టుకుంది. వంద. నూట యాభై. రెండు వందలు. నమ్మకం చాలక ఇంకో యాభై లెక్కపెట్టింది.

"ఏమైంది?" అంది అవ్వ.

"ఏమీ లేదు."

శొంఠీ అతిమధురమూ దాల్చినచెక్కా వేసింది. గదిలో వాసన మారింది. ఇరవై నిమిషాలూ గోడ గడియారం చూస్తూ గడిచాయి. గురువుగారు మసిగుడ్డ రెండు చేతులకీ చుట్టుకుని, కుండ చెవులు పట్టుకుని, ఆమె వైపు చూశారు.

"దించనా?" అన్నారు.

"దించండి," అంది సూయిన్.